మార్జిన్ మాస్టారి ఇరవై సెంటీమీటర్లు

ఆ హైస్కూల్లో ఫిజిక్స్ చెప్పే మాస్టారికి తల్లిదండ్రులు పెట్టిన పేరొకటి ఉండేది. జీతం బిల్లు మీద తప్ప అది ఎక్కడా కనపడేది కాదు. పిల్లలకీ, పిల్లల అమ్మానాన్నలకీ, స్టాఫ్‌రూములో తోటివాళ్ళకీ, చివరికి గేటు దగ్గర వాచ్‌మన్‌కి కూడా ఆయన మార్జిన్ మాస్టారే. ఆ పేరు వెనకాల నవ్వొకటి ఉందని ఆయనకి ఏనాడూ తట్టలేదు. పైగా కాస్త గర్వం కూడాను. ఎవరైనా కొత్తగా చేరిన టీచరు ఆ పేరుతో పిలవడానికి మొహమాటపడితే, "పరవాలేదండీ, అలాగే పిలవండి" అని ఆయనే ధైర్యం చెప్పేవారు.

మనిషి చెడ్డవాడు కాదు. ఈ మాట ముందే చెప్పేస్తే ఓ పనైపోతుంది. ఎవరి దగ్గరా చెయ్యి చాచలేదు, ఏ పిల్లమీదా చెయ్యెత్తలేదు, జ్వరమొచ్చినా సెలవు పెట్టలేదు. ఇన్ని సుగుణాలున్న ఈ మనిషి పిల్లల చదువుకి చేసిన చెరుపు, క్లాసుకి రాకుండా ఎగ్గొట్టే మాస్టారు కూడా చెయ్యలేడు. ఆ మాస్టారు రాకపోతే పిల్లలు కనీసం కిటికీలోంచి బయటికైనా చూస్తారు.

ఆయన సామ్రాజ్యమంతా రికార్డులోనే ఉండేది. రికార్డంటే పిల్లలు ల్యాబులో చేసిన ప్రయోగాలు రాసుకునే పుస్తకం. దానికి ఇరవై మార్కులు. ఆ ఇరవైని ఆయన పంచిపెట్టే తీరు వింటే మనిషి మీకే అర్థమవుతాడు. అట్టకీ, అట్టమీద చీటీకీ కలిపి రెండు. విషయసూచికకి రెండు. ఎడమ పక్క రెండు వేళ్ళ మందాన మార్జిన్ కొట్టినందుకు రెండు. శీర్షికల కింద ఎర్రగీత గీసినందుకు రెండు. దస్తూరీకి రెండు. చెప్పిన తేదీకి తెచ్చి బల్లమీద పెట్టినందుకు రెండు. పెన్సిలుతో బొమ్మ వేసి, బాణాలు పెట్టి పేర్లు రాసినందుకు నాలుగు. ఇక్కడికే పదహారు అయ్యాయి, ప్రయోగం ఊసే రాలేదు. మిగిలిన నాలుగూ రీడింగులకి, అంటే కొలిచి రాసిన కొలతలకి. అవైనా కొలిచినందుకు ఇచ్చేవారనుకునేరు. మోడల్ రికార్డుతో సరిపోయినందుకు ఇచ్చేవారు.

మోడల్ రికార్డనేది ఎప్పుడో చదువుకుని వెళ్ళిపోయిన ఎవరో అమ్మాయి రాసింది. ఆ అమ్మాయి పేరు కూడా ఎవరికీ గుర్తులేదు. అట్ట చిరిగి, మూలలు నలిగి, మాస్టారి బీరువాలో పై అరలో ఉండేది. ఏటా ఓ వారం పాటు అది బీరువాలోంచి దిగేది. ముందు బెంచీ వాళ్ళు చూసి రాసుకుని వెనక బెంచీకి, వాళ్ళు ఆ వెనక బెంచీకి. అలా గది చుట్టి మళ్ళీ బీరువా ఎక్కేది. అందులో ఒకచోట పాపం ఆ అమ్మాయి ఏదో మాట తప్పు రాసి కొట్టేసింది. తర్వాతి పిల్లలందరూ ఆ మాటని శ్రద్ధగా రాసి, అంతే శ్రద్ధగా కొట్టేసేవారు. కొట్టివేత లేని రికార్డుకి మాస్టారు అర మార్కు కోసేవారని కూడా చెప్పుకుంటారు. అది మాత్రం గిట్టనివాళ్ళు పుట్టించిన మాట అయివుండొచ్చు.

మరి ల్యాబు లేదా అంటే, నిక్షేపంలా ఉంది. దానికో తాళం కూడా ఉంది. తాళంచెవి మాస్టారి గుత్తిలో ఉండేది. "గాజు సామాను. పగిలితే ఎవరిదండీ పూచీ?" అనేవారు ఎవరైనా అడిగితే. పిల్లలు ముట్టుకోకుండా కాపాడిన సామాను కాబట్టి ఏళ్ళు గడిచినా కొత్తగానే ఉండేది. పిల్లలూ అంతే, ఏమీ అంటుకోకుండా కొత్తగానే బయటపడేవారు.

ఆ మోడల్ రికార్డులో నాలుగో ప్రయోగం కుంభాకార కటకం నాభ్యంతరం కనుక్కోవడం. పేరు వింటే గుండె జారుతుంది గానీ పని చాలా తేలిక. మధ్యలో ఉబ్బెత్తుగా ఉండే గాజుబిళ్ళ, అదే లెన్సు, కిటికీ వైపు తిప్పి పట్టుకుని వెనకాల ఓ తెల్లకాగితం పెట్టాలి. కాగితాన్ని ముందుకీ వెనక్కీ జరుపుతుంటే ఒకచోట బయట ఉన్న మేడా చెట్టూ అన్నీ తలకిందులుగా, బుల్లి బొమ్మై కాగితం మీద దిగుతాయి. అప్పుడు లెన్సుకీ కాగితానికీ మధ్య ఎంత దూరముందో స్కేలు పెట్టి కొలిస్తే అదే నాభ్యంతరం. మూడుసార్లు కొలిచి సగటు తీయాలి. మోడల్లో మూడు రీడింగులూ ఇలా ఉండేవి: 19.8, 20.1, 20.1. సగటు 20. ఆ స్కూల్లో చదివిన ప్రతి పిల్లా, ప్రతి పిల్లాడూ, ఎడంచేతి వాటం వాళ్ళూ, చూపు సరిగా ఆననివాళ్ళూ, ప్రయోగం రోజున బడికి రానివాళ్ళూ, అందరూ కొలిస్తే అదే 19.8, అదే 20.1, మళ్ళీ అదే 20.1 వచ్చేవి. ఇంత ఖచ్చితంగా కొలిచే పిల్లలు ఇంకెక్కడా ఉండరు. దాన్ని చూసి మాస్టారికి అనుమానం రావాల్సింది పోయి ఆనందం వచ్చేది.

ఆయనకి ఒక్కతే కూతురు. ఆ ఏడు ఆయన క్లాసులోనే పదో తరగతి చదువుతోంది. అక్షరాలు అచ్చు ముత్యాలే కాబట్టి క్లాసులో అందరూ ముత్యాలు అనేవారు. బడిలో ఆయన్ని "సార్, మీరు" అనేది, ఇంట్లో "నాన్నా, నువ్వు" అనేది. గేటు దాటగానే పిలుపు మారిపోవాలన్నది ఆయన పెట్టిన నియమమే. ఆ పిల్లకి అన్నింటిలోనూ ఫస్టు మార్కులే. మార్కులు చూసి తనకి అన్నీ వచ్చనే అనుకునేది. పదిహేనేళ్ళ పిల్ల, తండ్రి ఎర్రసిరాతో రాసిచ్చిన మాట నమ్మక ఏం చేస్తుంది?

అదే క్లాసులో ఇంకో పిల్ల. రాత కోడి కెలికినట్టు ఉండేది. కనపడిన వస్తువునల్లా విప్పి చూసే అలవాటు కూడా ఉండేది. రెంటికీ కలిపి కెలుకుడు అని పేరు పడిపోయింది. వాళ్ళమ్మ బస్సు డిపోలో టికెట్ల లెక్క చూసేది. ఈ పిల్ల సమాధానాలు పుస్తకంలో ఉన్న మాటల్లో కాకుండా తన మాటల్లో రాసేది. మాస్టారు వాటి పక్కన "సొంత కవిత్వం వద్దు" అని రాసి మార్కు కోసేవారు. సమాధానం తప్పని మాత్రం ఎప్పుడూ రాయలేదు, ఎందుకంటే అది తప్పో ఒప్పో చూసేదాకా ఆయన వెళ్ళేవారు కాదు.

ఆ ఏడాది గోడలకి రంగులు వేయిస్తూ ల్యాబు సామానంతా వరండాలోకి చేర్చారు. ఇంటర్వెల్లో అందరూ అటూ ఇటూ పోతుంటే కెలుకుడు ఓ అట్టపెట్టె మూత తీసింది. లోపల దూదిలో లెన్సు. తీసి వెలుతురు వైపు పెట్టి, చేతిలో ఉన్న నోటుబుక్కు వెనకాల పట్టుకుంది. గేటు బయట ఉన్న నీళ్ళట్యాంకు తలకిందులుగా వచ్చి కాగితం మీద వాలింది. పిల్ల ముచ్చటపడి కాగితాన్ని ముందుకీ వెనక్కీ జరిపి జరిపి చూసింది. తర్వాత స్కేలు అరువు తెచ్చి కొలిచింది. 14.9. నమ్మకం కలక్క మళ్ళీ కొలిచింది. 15.1. ఇంకోసారి. 15. అవే తీసుకెళ్ళి రికార్డులో రాసేసింది, మార్జిన్ కొట్టకుండా, గీతలు గీయకుండా, బొమ్మ పెన్నుతో వేసి.

మాస్టారు ఆ పేజీ చూసి నొచ్చుకున్నారు. అట్టకి రెండు, సూచికకి రెండు, తేదీకి రెండు. బొమ్మ పెన్నుతో వేసింది కాబట్టి నాలుగులో రెండే. మార్జిన్‌కి సున్నా, గీతలకి సున్నా, దస్తూరీకి సున్నా. రీడింగుల మీద అడ్డంగా గీత కొట్టి, "తప్పు. మోడల్ చూడుము" అని రాశారు. మొత్తం ఎనిమిది. అన్నిట్లోకీ తక్కువ.

కెలుకుడు రికార్డు పట్టుకుని ఆయన బల్ల దగ్గరికొచ్చింది.

"సార్, నాకు పదిహేనే వచ్చింది. మూడుసార్లు చూశాను."

"ఇరవై రావాలమ్మా. అందరికీ ఇరవై వచ్చింది. నీకొక్కదానికే పదిహేనెందుకొస్తుంది?"

"అందరూ చూశారా సార్?"

"చూడకుండానే రాశారా మరి?"

నిజానికి చూడకుండానే రాశారు. ఆ సంగతి ఆయనకీ తెలుసు, ఆ పిల్లకీ తెలుసు, పక్కన నిలబడి రికార్డులు దొంతరగా పేరుస్తున్న ముత్యాలుకీ తెలుసు. ముగ్గురూ కాసేపు ఎవరికీ ఏమీ తెలియనట్టు నిలబడ్డారు.

"పోనీ, మీరు చూసినప్పుడు ఎంతొచ్చింది సార్?" అంది కెలుకుడు. ఎకసెక్కంగా కాదు, నిజంగా తెలుసుకుందామనే.

"నేను చూసేదేంటి? పుస్తకంలో ఉందిగా. వెళ్ళు, మార్జిన్ కొట్టుకో ముందు."

ఇక్కడితో ఆగిపోతే ఇది ఏ స్కూల్లోనైనా రోజూ జరిగేదే. కానీ ఆ ఏడే హెడ్‌మాస్టరు గారికి ఓ కాగితమొచ్చింది. దూరంగా ఓ సైన్సు బడి ఉంది. హాస్టలుతో సహా చదువంతా ఉచితం. ఒక్కో హైస్కూలు నుంచి ఒక్కొక్కరిని పంపితే, వాళ్ళకి అక్కడ చేత్తో చేసే పరీక్ష పెట్టి కొందర్ని తీసుకుంటారు. ఆ బడి మేడమీద పెద్ద టెలిస్కోపు ఉందని కాగితంలో బొమ్మ కూడా వేశారు. ముత్యాలు ఆ బొమ్మని కత్తిరించి తన మంచం పక్క గోడకి అంటించుకుంది. పొద్దున లేవగానే దాన్నే చూసేది. వాళ్ళమ్మ పోస్టాఫీసు కౌంటర్లో పనిచేసేది. ఇంటికొచ్చి ఆ గోడ చూసి, "ఏమే, ఇంకా పరీక్షే కాలేదు, అప్పుడే నక్షత్రాల్లో కాపురం పెట్టేశావా?" అని ఏడిపించేది. పిల్ల నవ్వేది గానీ, ఆ సీటు రాకపోతే ఎలా అన్న బెంగ దాని మొహంలో తెలిసిపోయేది. ఇన్నేళ్ళలో అది నోరు తెరిచి ఇది కావాలి అన్నది అదొక్కటే.

స్కూలు నుంచి ఎవరిని పంపాలన్నది మార్కులు కూడి తేల్చాలి. రాత పరీక్షలో ఇద్దరూ దగ్గరదగ్గరగానే ఉన్నారు. సొంత కవిత్వానికి కోతలు పడినా కూడా కెలుకుడు ఓ అడుగు ముందే ఉంది. రికార్డు మార్కులు కలిపేసరికి ముత్యాలుకి ఇరవైకి ఇరవై, కెలుకుడుకి ఎనిమిది. ఇంకేముంది, తేలిపోయింది. మాస్టారు దొంగలెక్క వేయలేదు, ఎవరి మార్కూ దిద్దలేదు. నిండు మనసుతో, నిజాయితీగా అన్యాయం చేశారు. అసలు చిక్కంతా అక్కడే ఉంది. దొంగలెక్క అయితే ఎప్పుడో ఒకప్పుడు బయటపడుతుంది. ఈ లెక్కని ఎవరొచ్చి ఎన్నిసార్లు కూడినా సరిగ్గానే వస్తుంది.

పరీక్ష రోజున తండ్రీ కూతుళ్ళు బస్సెక్కి ఆ సైన్సు బడికి వెళ్ళారు. పిల్లల్ని ఓ పొడవాటి గదిలో కూర్చోబెట్టారు. వెంట వచ్చినవాళ్ళకి బయట వరండాలో కుర్చీలేశారు. గదికి నిలువెత్తు అద్దాల కిటికీలు ఉండటంతో మాస్టారికి లోపలంతా కనపడుతోంది. పరీక్ష పెట్టే మేడమ్ వదులుగా ఉన్న చొక్కా వేసుకుని, జుట్టు ఎలా పడితే అలా ముడేసుకుని ఉంది. ఈవిడకి మార్జిన్ అంటే ఏంటో తెలిసుండదని మాస్టారు అప్పుడే తీర్మానించేసుకున్నారు. ఆవిడ ఒక్కొక్కరి ముందూ ఓ లెన్సు, ఓ తెల్ల అట్టముక్క, ఓ స్కేలు, ఓ కాగితం పెట్టింది. నాభ్యంతరం కనుక్కోమంది. ఆ మాట చెవిన పడగానే మాస్టారికి ప్రాణం లేచొచ్చింది. పక్క కుర్చీలో ఉన్న ఎవరో తండ్రితో, "మా అమ్మాయికి ఇది కొట్టిన పిండండీ" అన్నారు.

లోపల ఓ రకం గందరగోళం మొదలైంది. పిల్లలు కుర్చీల్లోంచి లేచి కిటికీల దగ్గరికి పోతున్నారు. ఒకడు లెన్సు పైకెత్తి అట్టని వెనక్కీ ముందుకీ ఊపుతున్నాడు. ఒక పిల్ల నేలమీద చతికిలబడి స్కేలు పెట్టుకుని ఏదో గొణుక్కుంటోంది. ఇంకొకడు కాగితం నిండా కొట్టేసి రాస్తున్నాడు, మళ్ళీ కొట్టేస్తున్నాడు. మాస్టారికి ఒళ్ళు మండిపోయింది. పెంపకం అనుకున్నారు, క్రమశిక్షణ అనుకున్నారు. ఆ గుంపులో ఒక్క తన కూతురే కదలకుండా కూర్చుంది. ముందుగా స్కేలు తీసి మార్జిన్ కొట్టింది. శీర్షిక రాసి గీత గీసింది. పట్టిక వేసి టకటకా నింపేసి, అందరికంటే ముందు పెన్ను మూత పెట్టి చేతులు కట్టుకుంది. లెన్సు పెట్టిన చోటే ఉంది, దానిమీద వేలిముద్ర కూడా పడలేదు. కిటికీ బయట మార్జిన్ మాస్టారి ఛాతీ ఉబ్బింది.

మేడమ్ వచ్చి కాగితం చూసింది. ముత్యాలు వైపు వంగి ఏదో అడిగింది. ముత్యాలు తల ఊపింది. ఆవిడ మళ్ళీ ఏదో అడిగింది. ఈసారి తల ఊగలేదు. పిల్ల లెన్సు చేతిలోకి తీసుకుంది. దాన్ని బల్లమీద కాగితానికి దగ్గరగా పెట్టి భూతద్దంలోంచి చూసినట్టు చూసింది, తిరగేసి చూసింది. తర్వాత ఎటు చూడాలో తెలియక నాన్న కోసం కిటికీ వైపు చూసింది. మాస్టారు చేత్తో "రాసెయ్, రాసెయ్" అని సైగ చేశారు.

తిరుగు ప్రయాణంలో ముత్యాలు కిటికీ పక్కన కూర్చుంది. మాస్టారే అడిగారు.

"ఏమందమ్మా ఆవిడ?"

"ఈ మూడు రీడింగులూ ఎప్పుడు తీశావమ్మా, నేను చూడనేలేదు అంది."

"నువ్వేమన్నావు?"

"ఎప్పుడూ ఇంతే వస్తుందండీ అన్నాను." పిల్ల కిటికీలోంచి బయటికి చూస్తూనే చెప్పింది. "ఆ లెన్సు పది సెంటీమీటర్లదట నాన్నా. ఒక్కో లెన్సుకి ఒక్కోలా ఉంటుందట. నాకది తెలీదు. నాకు నిజంగానే తెలీదు నాన్నా. ఏ లెన్సుకైనా ఇరవయ్యే ఉంటుందనుకున్నాను. కొలిచి చూపించు, తొందరేం లేదు అంది ఆవిడ. ఎలా పట్టుకోవాలో కూడా తెలీలేదు."

మాస్టారికి మార్గం దొరికింది.

"అయితే వాళ్ళ లెన్సే సరైంది కాదు. స్టాండర్డు లెన్సు ఇవ్వాలిగా పరీక్షకి? రేపే ఉత్తరం రాస్తాను."

ముత్యాలు ఆయన వైపు తిరిగింది. "మన స్కూల్లో లెన్సు ఎంత నాన్నా?"

"ఇరవై."

"నువ్వు చూశావా?"

ఈ ప్రశ్న ఆయనకి రెండోసారి ఎదురైంది. మొదటిసారి అడిగిన పిల్లని మార్జిన్ కొట్టుకోమని పంపించేశారు. ఈ పిల్లకి మార్జిన్ ఎప్పుడో ఉంది. ఇంటికి రాగానే ముత్యాలు గోడమీది టెలిస్కోపు బొమ్మని పీకేసింది. చింపలేదు, మడిచి పుస్తకంలో పెట్టుకుంది. వాళ్ళమ్మ ఆ గోడ చూసి ఏడిపించే మాటేదీ అనలేదు.

మర్నాడు పొద్దున్నే మాస్టారు ల్యాబు తాళం తీశారు. అటెండరు అప్పుడే బయట వరండా ఊడుస్తున్నాడు. అట్టపెట్టెలోంచి లెన్సు తీసి, కిటికీ దగ్గర నిలబడి, వెనకాల కాగితం పట్టుకున్నారు. ఇన్నేళ్ళ ఉద్యోగంలో ఇదే మొదలు. కాగితం జరుపుతుంటే నీళ్ళట్యాంకు తలకిందులుగా వచ్చి వాలింది. ఆయన దాన్ని చూసి ముచ్చటపడలేదు, స్కేలు పెట్టారు. పదిహేను. మళ్ళీ పెట్టారు. పదిహేనే.

"ఏమయ్యా, ఇది ఇరవై కదా ఉండాలి?" అని అటెండర్ని గద్దించారు, వాడేదో మధ్యలో అయిదు సెంటీమీటర్లు ఇంటికి పట్టుకుపోయినట్టు.

"పాతది ఎప్పుడో కిందపడి పగిలింది కదండీ. దుమ్ము దులుపుతుంటే నా చేతిలోంచే జారింది. కొట్లో ఏది దొరికితే అది తెచ్చాను. మీరే సంతకం పెట్టారుగా బిల్లు మీద."

సంతకం పెట్టారు. పెట్టె తెరిచి చూడలేదు. ఆ పగిలిన లెన్సు ఏళ్ళ తరబడి ఆ బడిలో ఇరవై సెంటీమీటర్లకే పనిచేస్తూ వచ్చింది. ఎన్ని బ్యాచీల పిల్లలు అందులోంచి చూసి ఫస్టు మార్కులు తెచ్చుకున్నారో.

ఇక్కడ మాస్టారు మారిపోయారనీ, పిల్లలందర్నీ ల్యాబులోకి పిలిచి చేతికి లెన్సులిచ్చారనీ చెప్పాలని నాకూ ఉంది. అలాంటిదేమీ జరగలేదు. ఆయన నేరుగా క్లాసుకెళ్ళి, బల్లమీద స్కేలుతో కొట్టి, "అందరూ రికార్డులు తీయండి" అన్నారు. "నాలుగో ప్రయోగం. పాత రీడింగులు కొట్టేయండి. స్కేలు పెట్టి కొట్టండి, వంకరగా కాదు. పక్క పేజీలో కొత్తగా పట్టిక వేసి రాసుకోండి. 14.9. 15.1. 15. సగటు పదిహేను."

ఆ మూడు అంకెలూ ఎక్కడివో కెలుకుడుకి తెలుసు. రాగానే ఆయన అడిగి తీసుకున్న తన రికార్డు బల్లమీదే తెరిచి ఉంది. మాస్టారు దాంట్లోంచే చదువుతున్నారు.

"ఎందుకు మారింది సార్?" అని ముందు బెంచీలోంచి ఎవరో అడిగారు.

"సైన్సన్నాక మార్పులొస్తుంటాయి. రాసుకోండి."

గదంతా స్కేళ్ళ చప్పుడు. కెలుకుడు లేచి నిలబడింది. "సార్, మరి నా ఎనిమిది?"

"నీకు మార్జిన్ లేదు కదమ్మా" అన్నారు మాస్టారు, ఎంతో ఓపికగా. "కూర్చో."

ఆ పిల్ల కూర్చుంది. పక్కవాళ్ళు తన అంకెలే అందంగా రాసుకుంటుంటే చూస్తూ కూర్చుంది. ఇంటర్వెల్ అయ్యేసరికి అటెండరు లెన్సు పగిలిన కథ వరండా అంతా చెప్పేశాడు. మాస్టారు మాత్రం ఆ మాట ఎత్తలేదు, ఎవరూ ఆయన్ని అడగలేదు. సాయంత్రం పిల్లలు మార్చి రాసిన రికార్డులన్నీ మళ్ళీ ఆయన చేతికొచ్చాయి. సంచిలో వేసుకుని ఇంటికి తెచ్చుకున్నారు.

టీ తాగి ఎర్రపెన్ను తీసి ఒకటొకటీ దిద్దడం మొదలెట్టారు. అన్నిట్లోనూ 14.9, 15.1, 15. చూస్తుంటే మనసు కుదుటపడింది. లోకం మళ్ళీ గాడిలో పడ్డట్టే అనిపించింది. మధ్యలో ముత్యాలు రికార్డు వచ్చింది. పాత రీడింగుల మీద స్కేలు పెట్టి కొట్టిన గీత ఉంది. పక్క పేజీలో మార్జిన్ ఉంది, శీర్షిక కింద ఎర్రగీత ఉంది, పెన్సిలు బొమ్మ ఉంది, పట్టిక ఉంది. పట్టికలో మాత్రం ఏమీ లేదు. మూడు గళ్ళూ ఖాళీ.

ఆయన చెయ్యి అలవాటుగా నడిచిపోయింది. అట్టకి రెండు, సూచికకి రెండు, మార్జిన్, గీతలు, దస్తూరీ, తేదీ, బొమ్మకి నాలుగు. కూడి, పదహారు అని వేసి, చుట్టూ సున్నా చుట్టి, అప్పుడు తలెత్తారు. ముత్యాలు ఎప్పుడొచ్చిందో, ఎదురుగా నిలబడి ఉంది. పేజీ తన వైపు తిప్పుకుని ఆ అంకెని చూసింది.

"కొలిచినదానికి ఎనిమిది" అంది మెల్లిగా. "కొలవనిదానికి పదహారు."

"అది కాదమ్మా, పద్ధతంటూ ఒకటి..."

"రీడింగులెందుకు రాయలేదని అడగరా సార్?"

ఇంట్లో ఆ పిలుపు ఆయన ఎప్పుడూ వినలేదు. సరదాకి అందేమోనని మొహంలోకి చూశారు. సరదా కాదు.

"ఎందుకు రాయలేదు?"

"నేనింకా చూడలేదు సార్. చూశాక రాస్తాను. కెలుకుడు రేపు పొద్దున్నే వస్తానంది, నాకు నేర్పిస్తానంది. మీరు ల్యాబు తాళంచెవి ఇవ్వాలి."

"గాజు సామాను తల్లీ" అన్నారు మాస్టారు. "పగిలితే?"

"పగిలితే పగిలిందని రాస్తాం సార్. పోయినసారి ఎవరూ రాయకే కదా ఇదంతా."

వంటింట్లోంచి వాళ్ళమ్మ కేకేసింది. "ఎవరే వచ్చింది? సార్ సార్ అంటున్నావు?"

"మా ఫిజిక్స్ సారమ్మా" అంది ముత్యాలు. అని చెయ్యి చాచి అక్కడే నిలబడింది.

మాస్టారు గుత్తి బయటికి తీశారు. ల్యాబు చెవి ఏళ్ళుగా కదలక రింగుకి బిగుసుకుపోయి ఉంది. దాన్ని ఊడదీయబోయి గోరు విరిగింది, అయినా ఆయన వదలకుండా లాగుతూనే ఉన్నారు.